విరిగేముందు చెప్పే మంచం

కత్తెరమ్మ ఏ బట్ట కొన్నా ముందు తిరగేసి చూస్తుంది. పైన పూలున్నాయా, మెరుపులున్నాయా అన్నది ఆమెకు తర్వాతి సంగతి. లోపలి కుట్టు ఎలా ఉంది, అంచు దగ్గర ఎంత గుడ్డ వదిలారు, దారం చివర ముడి వేశారా లేక అలాగే తెంచి పారేశారా, ఇవన్నీ చూశాకే పైభాగం వైపు కన్నెత్తుతుంది. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి కుట్టుగదిలో దుప్పట్లూ, దిండు గలేబులూ, డాక్టర్ల కోట్లూ కుట్టిన మనిషి మరి. ఆమె వస్తోందంటే బట్టల కొట్లవాళ్ళు మంచి సరుకు తీసి ముందు పెట్టేవారు, లేదంటే ఏదో పనున్నట్టు లోపలికి జారుకునేవారు.

అలాంటి మనిషి జీవితం మొత్తంలో ఒక్కటంటే ఒక్క వస్తువు తిరగేసి చూడకుండా కొన్నది. అది మంచం. అదీ పెద్దక్క కోసం.

చూడటానికి బ్రహ్మాండంగా ఉండేది. నున్నటి పైపూత, ముదురు గోధుమ రంగు, తలవైపు ఒక అర. లోపల ఉన్నది మాత్రం రంపపు పొట్టు. దాన్ని జిగురుతో అదిమి, పైన చెక్క బొమ్మ వేసిన కాగితం అంటించారు. ఏడు నెలలు బుద్ధిగానే ఉంది. ఎనిమిదో నెలలో ఒక ఉదయం పెద్దక్క అంచు మీద కూర్చుని జడ వేసుకుంటుంటే, తలవైపు మూల మరలతో సహా ఊడిపోయింది. ముందు ఒక్క చప్పుడు లేదు, ఒక్క సూచన లేదు. పెద్దక్క తుంటి ఎముక విరిగింది.

అక్కాచెల్లెళ్ళిద్దరూ పదకొండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఒకరి మొగుడు పోయాడు, ఇంకొకరు అసలు ఆ జోలికే పోలేదు. రెండు గదులు, ఒక వెనక వరండా, ఒక కుట్టుమిషను, బోలెడు వాదులాట. పెద్దక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది. ఆవిడ ఇంట్లో మామూలుగా మాట్లాడితే వీధి చివర వినిపిస్తుంది. మనిషి కూడా గొంతుకు తగ్గట్టే ఉంటుంది, ఎనభై ఎనిమిది కిలోలు. కత్తెరమ్మ నలభై అయిదు కిలోలు, అదీ తడి బట్టల్లో తూస్తే.

ఆపరేషన్ అయిన పదో రోజున వ్యాయామం చేయించే అమ్మాయి అక్కాచెల్లెళ్ళనూ, లెక్కల మాష్టారైన వాళ్ళ తమ్ముణ్ణీ కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పేసింది. "ఇంకో పద్ధెనిమిది రోజుల్లో పంపించేస్తాం. మంచం మీద నుంచి తనంతట తాను లేవగలిగితే ఇంటికి తీసుకెళ్ళండి. లేవలేకపోతే మాత్రం మనుషులుండే చోట పెట్టాలి. ఆంటీ, మీరు ఈవిణ్ణి లేపలేరు. లేపబోయారంటే ఇద్దరూ పడతారు."

మనుషులుండే చోటంటే ఊరవతల వృద్ధాశ్రమం. తమ్ముడు ఆ సాయంత్రమే ఫారం తెచ్చాడు. చెడ్డవాడేం కాదు. ఏ విషయాన్నైనా రెండు నిలువు వరసలుగా రాసుకుని కూడితే తప్ప నిద్రపట్టని మనిషి, అంతే.

"చిన్నక్కా, కోపం తెచ్చుకోకు. నీ బరువెంత, ఆవిడ బరువెంత? ఇందులో ఆలోచించడానికేముంది?"

"ఆలోచించమని నిన్నెవరడిగార్రా? పద్ధెనిమిది రోజులుంది. ఆ ఫారం జేబులో పెట్టుకో."

"మళ్ళీ మంచం కొంటావా?"

"కొనను. చేస్తాను."

మాష్టారు నోరు వెళ్ళబెట్టాడు. పక్కన మంచం మీద పడుకుని ఇదంతా వింటున్న పెద్దక్క మాత్రం వార్డంతా అదిరేలా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, పైకప్పు వైపు చూస్తూ, "నన్నక్కడ పెట్టకే" అంది. ఆ గొంతు అంత చిన్నగా రావడం కత్తెరమ్మ ఎప్పుడూ వినలేదు.

ఎందుకు చేయాలి, చేయించుకోవచ్చుగా అని చాలామంది అడిగారు. లోపల ఏముందో చూసుకోకుండా అక్కను కూర్చోబెట్టింది తను. ఈసారి ప్రతి కీలూ తన చేతుల మీదుగా వెళ్ళాలి. ఇది ఆమె ఎవరికీ చెప్పలేదు. "నాకు తీరిక ఎక్కువైంది" అని ఊరుకుంది.

ఇంక తేలాల్సింది ఒకటే: చెక్కా, ఇనుమా?

వీధికి అటు వడ్రంగి, ఇటు వెల్డింగ్ షాపు. వడ్రంగి డెబ్భై దాటిన పెద్దాయన. వెల్డరు నలభై ఏళ్ళవాడు, ఎప్పుడూ నల్లకళ్ళద్దాలు నెత్తిమీదే ఉంటాయి. ఇద్దరికీ పడదు. ఒకరి రంపపు పొట్టు ఇంకొకరి నిప్పురవ్వల్లో పడుతుందన్నది గొడవకు పైకి చెప్పుకునే కారణం. కత్తెరమ్మ ఇద్దరి దగ్గరికీ వెళ్ళింది. ఏది బలమైనదని అడిగితే ఎవరి సరుకు వాళ్ళు పొగుడుకుంటారని ఆమెకు తెలుసు. అందుకని ఇద్దర్నీ ఒకే ప్రశ్న అడిగింది.

"మీది విరిగితే ఎలా విరుగుతుంది?"

వెల్డరు ఛాతీ విరుచుకున్నాడు. "విరగడమేంటి పిన్నీ! ఇనుము వంగుతుందేమోగానీ విరగదు. ఏనుగుని పడుకోబెట్టుకో."

"ఏనుగు కాదు, మా అక్క. అతుకుల సంగతేంటి?"

"అతుకు సరిగ్గా పడితే నీ మనవలు కూడా దానిమీదే పడుకుంటారు."

"నాకు మనవల్లేరుగానీ, సరిగ్గా పడకపోతే?"

"ఊడుతుంది. ఊడిందంటే ఒక్కసారే."

"సరిగ్గా పడిందో లేదో చూసి చెప్పగలవా?"

అతను అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. నెత్తిమీది అద్దాలు తీసి చొక్కాకు తుడుచుకుంటూ, "లోపల ఎంత పట్టిందో నాకూ కనపడదు పిన్నీ. గ్రైండరు కొట్టి రంగు వేశాక ఇంకెవరికీ కనపడదు" అన్నాడు.

"నీ నిజాయితీకి దండం నాయనా. నీ ఇనుము మాత్రం నాకొద్దు" అని ఆవిడ రోడ్డు దాటింది.

వడ్రంగి చిత్రిక పడుతూనే ప్రశ్న విన్నాడు. పని ఆపకుండానే జవాబిచ్చాడు. "చెక్క దొంగచాటుగా విరగదమ్మాయ్. ముందు కిర్రుమంటుంది. తర్వాత సన్నగా నెర్రె ఇస్తుంది. నెల ముందు నుంచీ చెబుతూనే ఉంటుంది. చెవిన పెట్టనివాడిది తప్పు."

"బోల్టులతో బిగిస్తే విప్పి చూసుకోవచ్చా?"

"రోజూ విప్పి చూసుకో, నీకేం పనిలేకపోతే."

అక్కడితో చెక్కే ఖాయమైంది. కూల్చేసిన ఒక పాత ఆఫీసు తలుపుల చట్రాలు వడ్రంగి షెడ్డులో పడి ఉన్నాయి. ఎండి ఎండి రాయిలా అయిన కర్ర. ఆయన తన చిన్న రంపం, ఒక ఉలి అరువిచ్చి, రెండు మధ్యాహ్నాలు కూర్చుని కోయడం నేర్పాడు. మూడో మధ్యాహ్నం నుంచి ఆమె వెనక వరండాలో ఒంటరిగా పని మొదలుపెట్టింది.

ముందు కొలతలు. టేపు మెళ్ళో వేసుకుని ఆసుపత్రికి వెళ్ళి పెద్దక్కను నిలువునా అడ్డంగా కొలిచింది. మోకాలి మడత నుంచి మడమ దాకా, కూర్చున్నప్పుడు మోచెయ్యి ఎంత ఎత్తులో ఉంటుంది, పిడికిలి చుట్టుకొలత ఎంత.

"జాకెట్టు కుడుతున్నావా, మంచం చేస్తున్నావా?" అంది పెద్దక్క.

"నోరు మూసుకుని పిడికిలి బిగించు. ఈ స్టీలు కడ్డీ పట్టుకుని ఎందుకు లేవలేకపోతున్నావు?"

"చెమట చెయ్యి జారుతోందే. పైగా చల్లగా చచ్చింది."

పట్టుకునే పిడులు కూడా చెక్కవే కావాలన్నమాట. కత్తెరమ్మ పుస్తకంలో రాసుకుంది. ఇంటికొచ్చి పాత న్యూస్‌పేపర్లు అతికించి మంచం మొత్తాన్ని అసలు కొలతల్లో నేలమీద పరిచింది. నాలుగు కోళ్ళు, రెండు నిలువు పట్టెలు, రెండు అడ్డపట్టెలు, పరుపు కింద తొమ్మిది బద్దలు, రెండు పిడులు, వెరసి పంతొమ్మిది ముక్కలు. ప్రతి ముక్కకూ కాగితం మూస కత్తిరించి, దాన్ని కర్రమీద పెట్టి సుద్దతో గీసి, కోయడం మొదలుపెట్టింది. మొదటి కోతకు గంట పట్టింది. నాలుగో రోజుకు అరచేతిలో బొబ్బలు పగిలాయి. గుడ్డ చుట్టుకుని కోసింది. పక్కింటివాళ్ళు చప్పుడు భరించలేక కిటికీలు మూసుకున్నారు. తొమ్మిదో రోజుకు పంతొమ్మిది ముక్కలూ గోడకు వరసగా నిలబడ్డాయి.

పదో రోజు వడ్రంగి చూడ్డానికొచ్చాడు. మూరబద్ద పెట్టి ఒకటి కొలిచాడు. ఇంకొకటి కొలిచాడు. మూడోదానికి ముఖం చిట్లించాడు. "అన్నీ అంగుళం ఎక్కువున్నాయేంటమ్మాయ్?"

"అటు అర, ఇటు అర. కుట్టులోకి పోతుంది కదా" అంది కత్తెరమ్మ, ఇంత పెద్దాయనకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

వడ్రంగి ఆమె ముఖం చూశాడు, కర్రలు చూశాడు, మళ్ళీ ఆమె ముఖం చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి దగ్గొచ్చేదాకా ఆపలేదు. "కర్ర కుట్టులోకి పోదు తల్లీ! యాభై ఏళ్ళలో చాలా తప్పులు చూశానుగానీ, చెక్కకి మడత వదిలినవాళ్ళని చూళ్ళేదు."

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ముప్ఫై ఏళ్ళుగా ఏ ముక్క కత్తిరించినా చెయ్యి దానంతటదే ఆ అర అంగుళం వదిలేస్తుంది. ఈసారి కూడా ఆమెను అడక్కుండానే వదిలేసింది. "ఎక్కువుంటే నయమే కదా, కోసేస్తాను" అని రంపం తీసుకుంది. పంతొమ్మిది ముక్కలు, మళ్ళీ మొదటి నుంచి. అదికూడా చేసేది, చక్కగా చేసేది. కానీ పదమూడో రోజున అలసట కమ్మిన కళ్ళతో, ముందురోజే కోసిన ఒక కోడును ఇంకా కోయలేదనుకుని మళ్ళీ అంగుళం కోసేసింది.

బోల్టులు బిగించి నిలబెట్టాక మంచం ఒక మూలకు ఒరిగింది. నొక్కితే అటు, వదిలితే ఇటు.

వడ్రంగి ఈసారి నవ్వలేదు. "అలాంటి కర్ర ముక్క నా దగ్గర ఇంక లేదు. కింద చిన్న ముక్క అతికిద్దామంటే, బరువు పడేచోట జిగురు నిలవదు. మిగతా మూడు కోళ్ళూ దీని ఎత్తుకే కోసేద్దామా?"

"అప్పుడు మంచం కిందికి దిగిపోతుంది. అక్క లేవలేదు."

"అంతేలే" అని ఆయన కూర్చుండిపోయాడు.

ఆ సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. ఆశ్రమంలో కింది అంతస్తులో ఒక గది ఖాళీ అయిందట, కిటికీ కూడా ఉందట, రేపటిలోగా చెప్పాలట. వరండా నిండా పొట్టు, ఒళ్ళంతా పొట్టు. ఆ ఒక్క సాయంత్రం మాత్రం ఆమె మనసులో ఆ కిటికీ గది మెదిలింది. మెదిలినందుకు తన మీద తనకే అసహ్యమేసింది. "చెప్పేది రేపు కాదు, ఆవిడొచ్చే రోజు చెబుతాను" అని ఫోన్ పెట్టేసి, పొట్టికోడును విప్పి చంకలో పెట్టుకుని రోడ్డు దాటింది.

వెల్డరు ఆమెను చూడగానే అద్దాలు పైకెత్తాడు. "ఏం పిన్నీ, నా ఇనుము వద్దన్నావు?"

"అన్నాను. ఇప్పుడు కావాలి. దెప్పేది తర్వాత తీరిగ్గా దెప్పు, ముందు దీని సంగతి చూడు."

అతను కోడును తిప్పి తిప్పి చూశాడు, వేలితో కొలిచాడు. "మిగతావి కూడా దీనంత చేసి పట్రా. నాలుగింటికీ ఇనప తొడుగులు చేస్తాను. తొడుగు కింద లావుపాటి మర, మర కింద పళ్ళెం. పానా పెట్టి తిప్పితే లేస్తుంది, దిగుతుంది. మనిషి మంచం మీదుండగా కూడా తిరుగుతుంది, లారీ కింద జాకీ లాగా."

"అతుకు?"

"ఇందులో అతుకు మీద బరువు వేలాడదు పిన్నీ, నిలువుగా నేలమీదికి దిగుతుంది. అయినా నీకోసం రంగు వేయను. అతుకు కనపడేలా వదిలేస్తాను, చూసుకో."

చెక్కకు చెప్పులు తొడిగావా అని వడ్రంగి వెటకారం చేశాడు. చేస్తూనే తొడుగు బిర్రుగా కూర్చోవడానికి కోళ్ళ చివర్లు తనే చెక్కాడు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఏం చెప్పాలన్నా కత్తెరమ్మకు చెప్పి, ఒకే మంచానికి ఒక పూటంతా పనిచేశారు. పదిహేడో రోజు చీకటి పడేలోగా ఆమె పిడులకు ఉప్పుకాగితం పట్టి, చెంపకు ఆనించి నునుపు చూసుకుంది. దూది గట్టిగా కూరి తనే కుట్టిన పరుపు పరిచి, దానిమీద కూర్చుని, లేచి, ఎత్తు సరిపోయిందని తేల్చుకుంది.

పద్ధెనిమిదో రోజు పదకొండింటికి పెద్దక్క చక్రాల కుర్చీలో ఇంటికొచ్చింది. వెనకాల తమ్ముడు. అతని చొక్కా జేబులోంచి ఫారం అంచు కనిపిస్తోంది. ముందుగా చేసుకున్న ఒప్పందం ఒక్కటే: ఎవరూ చెయ్యి వేయకూడదు, ఆవిడ తనంతట తాను లేవాలి.

తమ్ముడూ, కత్తెరమ్మా కలిసి పెద్దక్కను కుర్చీలోంచి మంచం మీదికి మార్చారు. బరువు పడగానే పట్టెలు కిర్రుమన్నాయి. పెద్దక్క ముఖం పాలిపోయింది. రెండు చేతులతో చెల్లెలి జబ్బ పట్టేసుకుంది.

"విరుగుతోందే! దింపండి నన్ను!"

"విరగదు. ఇది కొత్తగా బరువు మోస్తోంది కాబట్టి పలికింది. ఆ పాత మంచం మాట్లాడకుండా విరిగింది కదక్కా. ఇది విరిగేదైతే ముందు చెబుతుంది, నేను వింటాను. పక్కగదిలోనే కదా పడుకునేది."

పెద్దక్క చెల్లెలి చేతులకేసి చూసింది. అరచేతుల్లో ఎండిన బొబ్బలు, వేలికి గుడ్డ. జబ్బ వదిలి పిడులు పట్టుకుంది. జారలేదు. ఊపిరి బిగపట్టి లేవబోయింది. జానెడు లేచి దబ్బున కూర్చుండిపోయింది. రెండోసారి అంత కూడా లేవలేదు. మూడోసారి అసలు పరుపే వదల్లేదు.

"చాలక్కా" అన్నాడు తమ్ముడు మెల్లగా. గొంతులో గెలిచిన ఛాయ లేదు. చెయ్యి మాత్రం జేబు దగ్గరికి వెళ్ళింది.

కత్తెరమ్మ పరుపును చూసింది. పెద్దక్క కూర్చున్నచోట అది బాగా కుంగిపోయింది. ఆమెకు వెలిగింది. నిన్న ఈ ఎత్తు చూసుకుంది నలభై అయిదు కిలోల మనిషి.

"ఆగరా" అని, చీర కుచ్చిళ్ళు దోపుకుని, పానా పట్టుకుని మంచం కింద దూరింది. "అక్కా, పిడులు వదలకు. కదలకు."

మర మొరాయించింది. రెండు కాళ్ళూ గోడకు తన్నిపెట్టి తిప్పింది. ఎనభై ఎనిమిది కిలోల మనిషి ఆమె ముక్కుకు బెత్తెడు పైన ఉంది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది.

"ఒక్క కోడునే అంత తిప్పకు, మంచం ఒరుగుతుంది" అన్నాడు మాష్టారు ఉండబట్టలేక. మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి తొంగిచూశాడు. "మర మీద వరసలు చూస్తే అంగుళానికి పది చుట్లు. నాలుగింటికీ రెండేసి చొప్పున మార్చి మార్చి తిప్పు. నేను లెక్కపెడతాను."

"పెట్టు మరి, చూస్తావేం!"

అతను లెక్కపెట్టాడు. తలవైపు రెండు, కాళ్ళవైపు రెండు. ఒక్కో కోడుకూ ఆరు చుట్లయ్యేసరికి కత్తెరమ్మ మణికట్టు లాగేస్తోంది. కళ్ళలోకి చెమట దిగుతోంది. ఇంకో చుట్టు వేద్దామని చివరి కోడు దగ్గరికి దొర్లింది. అక్కడి నుంచి ఆమెకు పెద్దక్క పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. వాచిన చీలమండలు, పగుళ్ళు తేలిన మడమలు. మంచం లేచేకొద్దీ మడమలు నేల వదిలాయి, కానీ వేళ్ళు నేలను గట్టిగా పట్టుకుంటున్నాయి.

"ఏడు" అన్నాడు తమ్ముడు.

మడమలు దిగాయి. పాదాలు రెండూ వెడల్పుగా నేలకు అదుముకున్నాయి. కత్తెరమ్మ ముఖానికి పైన ఉన్న బద్ద చిన్నగా పలికి, వెంట్రుకవాసి పైకి లేచింది. తర్వాత రెండోది, తర్వాత మూడోది. మంచం మీద బరువు లేదు. తమ్ముడు నోరు తెరవకముందే, పైన ఏం జరిగిందో ఆమెకు తెలిసిపోయింది.

పైన కాగితం చిరిగిన చప్పుడు వినిపించింది, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. కత్తెరమ్మ పానా గుండెకు అదుముకుని, ఆ మరుగులో, పద్ధెనిమిది రోజులుగా ఆపుకున్నదంతా వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏమే" అంది పెద్దక్క. వీధి చివరిదాకా వినిపించే గొంతు. "ఏడ్చింది చాలు, బయటికి రా. నేను లేచానుగానీ, వంగి నిన్ను లేపలేను."